శ్రీలంక 7 రాత్రులు, 19 యాక్టివిటీలు.. ఏవి కొట్టేయాలో చెప్పండి ప్లీజ్

లిస్టుల_రాణి

హాయ్ అండి అందరికీ. ఫిబ్రవరిలో శ్రీలంక వెళ్తున్నాం, 7 రాత్రులు, ఫ్లైట్ టికెట్లు అయిపోయాయి, హోటళ్ళు ఇంకా బుక్ చేయలేదు. నేను, మావారు, తొమ్మిదేళ్ళ బాబు, మా అత్తయ్యగారు. అత్తయ్యగారికి 64, మోకాళ్ళ నొప్పులున్నాయి కానీ అడిగితే "నాకేం, దుక్కలా ఉన్నా" అంటారు. పొద్దున్నే కొలంబో ఎయిర్‌పోర్ట్‌లో దిగుతాం, ఎనిమిదో రోజు రాత్రి తిరుగు ప్రయాణం.

సమస్య ఏంటంటే ఇంట్లో తలా ఒక లిస్టు రాశారు, అన్నీ కలిపితే 19 తేలాయి. రూటు అయితే సిగిరియా, క్యాండీ, నువారా ఎలియా, ఎల్లా, యాల, మిరిస్సా, గాలె అనుకున్నాం. మావారికి సిగిరియా కొండ ఎక్కాలి, మిన్నేరియాలో వందల ఏనుగులు ఒక్కచోట చేరతాయే అది చూడాలి, తెల్లారుజామున ఆడమ్స్ పీక్ కొండ మీద సూర్యోదయం కూడా చూడాలట. బాబుకి చిరుతపులి, నీలి తిమింగలం, సర్ఫింగ్, ఇంకా కొండల్లో వెళ్ళే ఆ నీలం రైల్లో తలుపు దగ్గర కాళ్ళు వేలాడేసుకుని వెళ్ళడం (ఇది మాత్రం చచ్చినా ఒప్పుకోను). అత్తయ్యగారు అడిగింది రెండే, బుద్ధుడి దంతం గుడి, సీతమ్మ గుడి. మిగతావన్నీ రీల్స్ చూసి చేర్చినవే, కిటుల్‌గల రాఫ్టింగ్, టీ ఫ్యాక్టరీ, తాబేళ్ళ హేచరీ, హార్టన్ ప్లెయిన్స్ వగైరా వగైరా.

మ్యాప్‌లో చూస్తే అన్నీ పక్కపక్కనే ఉన్నట్టున్నాయి, చిన్న దేశమే కదా, మేనేజ్ అవుతుందా?

బస్సు_కిటికీ

"చిన్న దేశమే కదా", ఇక్కడే అందరం బోల్తా పడతాం అండి, నేనూ పడ్డా. అక్కడ కిలోమీటర్లు చూడకూడదు, గంటలు చూడాలి. ఎక్స్‌ప్రెస్‌వే లేని చోట గంటకి 30, 35 కిలోమీటర్లు నడిస్తే గొప్ప, ఘాట్ రోడ్లలో అదీ ఉండదు. ఎయిర్‌పోర్ట్ నుంచి సిగిరియా దాదాపు 4 గంటలు, సిగిరియా నుంచి క్యాండీ 90 కిలోమీటర్లే అయినా రెండున్నర మూడు గంటలు, క్యాండీ నుంచి ఎల్లా రోడ్డున వెళ్తే అయిదు గంటల పైమాటే, ఎల్లా నుంచి మిరిస్సా ఇంకో నాలుగు. మీరు రాసిన రూటులో ఏడు చోట్లున్నాయి, ఏడు రాత్రులు ఏడు చోట్ల అంటే రోజూ సూట్‌కేసు సర్దడం, రోజూ చెక్ అవుట్, ఇక 64 ఏళ్ళ మనిషితో... సారీ అండి, అది హాలిడే కాదు, ఎలక్షన్ ప్రచారం.

ముందు సీజన్ లేనివి, దారిలో లేనివి కొట్టేయండి, అందులోనే సగం పోతాయి. మిన్నేరియాలో ఏనుగులు గుంపులుగా చేరేది ఆగస్టు, సెప్టెంబర్‌లలో, ఎండలకి చెరువు నీరు తగ్గి ఒడ్డున కొత్త గడ్డి వస్తే దానికోసం వస్తాయి. ఫిబ్రవరిలో ఆ సీన్ ఉండదు, పోయింది. ఆడమ్స్ పీక్‌కి సీజన్ డిసెంబర్ పౌర్ణమి నుంచి మే వెసాక్ (బుద్ధ పౌర్ణమి) దాకా కాబట్టి ఫిబ్రవరి కరెక్టే, కానీ దాదాపు 5,500 మెట్లు, అర్ధరాత్రి దాటాక ఎక్కడం మొదలుపెట్టాలి, పైగా మీ రూటులో లేదు, పక్కకి వెళ్ళి రావాలి. ఒక రాత్రి నిద్ర పోతుంది, మర్నాడు మీవారి కాళ్ళు పనిచేయవు, అంటే మీకు రెండు రోజులు గల్లంతు. కొట్టేయండి.

ఇక మీకు కలిసొచ్చేది ఏంటంటే ఫిబ్రవరిలో దక్షిణ తీరం బాగుంటుంది, సముద్రం శాంతంగా ఉంటుంది. అదే మే నుంచి సెప్టెంబర్ అయితే నైరుతి వానలు అటువైపే కొడతాయి, అప్పుడు తూర్పు తీరం, ట్రింకోమలీ వైపు వెళ్ళాలి. కాబట్టి బీచ్‌కి మిరిస్సా పక్క సెలెక్ట్ చేయడం రైటే.

గరిటె_పట్టని_గీత

అక్కా మేము మా అమ్మని తీసుకెళ్ళాం, ఆవిడకీ మోకాళ్ళే. మీ అత్తయ్యగారి లిస్టే అన్నిటికంటే తెలివైనది, రెండే రెండు అడిగారు, రెండూ దారిలోనే ఉన్నాయి. నా సలహా ఏంటంటే మనిషికి ఒక్కటి, అంటే ఇది చూడకపోతే ఇంటికొచ్చాక ఏడుస్తా అనేది తలా ఒకటి అడగండి, ఆ నాలుగూ ప్లాన్‌లో ఫిక్స్ చేసి మిగతావి దారిలో తగిలితే సరే లేకపోతే లేదు. మీరు మీది ఏం రాయలేదు గమనించారా?

సిగిరియా గురించి చెప్తా. దాదాపు 1,200 మెట్లు, రాయి ఎత్తు 180 మీటర్ల పైమాటే, సగం దూరం ఇనుప మెట్లు కొండకి అతుక్కుని ఉంటాయి, కిందకి చూస్తే కళ్ళు తిరిగేవాళ్ళకి కష్టం. తెరవగానే వెళ్ళిపోవాలి, తొమ్మిది దాటితే రాయి కాలుతుంది, జనం కూడా క్యూ కడతారు. మా అమ్మ పైకి రాలేదు, కింద కాశ్యప రాజు కట్టించిన నీటి తోటలు ఉంటాయి, 5వ శతాబ్దం నాటివి, అవి నిదానంగా తిరిగి తర్వాత మ్యూజియంలో కూర్చుంది, హాయిగా ఉంది అంది. మధ్యలో రాతి గోడ మీద గీసిన ఆ అప్సరసల బొమ్మలుంటాయి కదా, అక్కడ ఫోటోలు తీయనివ్వరు, బాబుకి ముందే చెప్పండి. కందిరీగల బోర్డులు కూడా ఉంటాయి, అరవకండి అని, అవి సరదాకి పెట్టినవి కాదు.

క్యాండీలో దంతం గుడికి సాయంత్రం ఆరున్నర పూజకి వెళ్ళండి, డప్పులు వాయిస్తారు, బాగుంటుంది. కానీ అత్తయ్యగారికి ఒక మాట ముందే చెప్పాలి, దంతం కనపడదు, దాన్ని ఉంచిన బంగారు పేటిక మాత్రమే కాసేపు కనిపిస్తుంది. మా అమ్మ బయటికొచ్చాక "పన్నేదీ?" అని నన్ను నిలదీసింది.

అసలు విషయం రైలు. అందరూ క్యాండీ నుంచి ఎల్లా దాకా ఆరేడు గంటల రైలు అంటారు, నేనైతే వద్దంటా, మొదటి రెండు గంటలు వావ్, తర్వాత పెద్దవాళ్ళకి నడుము నొప్పి, బాబుకి బోరు. మీరు క్యాండీ నుంచి కారులో బయల్దేరండి, రంబొడ దగ్గర కొండ మీద పెద్ద హనుమంతుడి గుడి తగులుతుంది, తర్వాత టీ తోటలు, ఏదో ఒక టీ ఫ్యాక్టరీలో ఆగి టీ తాగండి చాలు, తర్వాత నువారా ఎలియా, అది దాటాక సీతా ఎలియాలో రోడ్డు పక్కనే సీతమ్మ గుడి, వెనకాల సన్నగా ఏరు పారుతుంది, ఒడ్డున రాతి మీద గుంటలుంటాయి, హనుమంతుడి పాదాలని చెప్తారు. చిన్న గుడే, తిరుపతి లెవెల్లో ఊహించుకోకండి, కానీ మా అమ్మ అక్కడ గంటసేపు కదల్లేదు, అశోకవనం ఇదేనా అని చెట్లన్నీ చూస్తూ కూర్చుంది. రైలు మోజు తీరాలంటే నువారా ఎలియాకి దగ్గర్లోని నాను ఓయ స్టేషన్ నుంచి ఎల్లా ముక్క ఒక్కటి ఎక్కండి, డ్రైవర్ సామాన్లతో రోడ్డున వచ్చి ఎల్లాలో కలుస్తాడు.

బస్సు_కిటికీ

గీత గారు చెప్పినదానికి ఒకటి కలుపుతా, 2025 నవంబర్ ఆఖర్లో దిత్వా తుఫానుకి కొండచరియలు విరిగిపడి ఆ కొండ రైలు లైన్ బాగా దెబ్బతింది. అందుకే పాత వ్లాగులు నమ్మి బుక్ చేయకండి, మీ డేట్లకి దగ్గర్లో ఏ ముక్కలో రైళ్ళు తిరుగుతున్నాయో చూసుకోండి. రిజర్వేషన్ నెల రోజుల ముందే తెరుస్తారు, తెరిచిన కాసేపటికే అయిపోతుంది.

చిరుత_కనపడలేదు

నా పేరు చూస్తేనే తెలుస్తుంది కదా 😅 యాలలో రెండు సఫారీలు వేశా, నెమళ్ళు, మొసళ్ళు, గేదెలు, ఇంకా జీపులు. జీపులే ఎక్కువ. ఒక చోట చిరుత ఉందని వైర్‌లెస్‌లో వినపడగానే ముప్పై జీపులు దుమ్ము లేపుకుంటూ పరిగెత్తాయి, మాకు తోక కూడా కనపడలేదు, పక్క జీపులో ఆయన ఫోన్‌లో చూపించాడు.

పిల్లాడు ఉన్నాడు కాబట్టి యాల తీసేసి ఉడవలవె నేషనల్ పార్క్ పెట్టండి. ఎల్లా నుంచి దక్షిణ తీరానికి దిగే దారిలోనే ఉంటుంది, పెద్ద చెరువు చుట్టూ మైదానం, ఏనుగులు కనపడకపోవడం అంటూ దాదాపు ఉండదు, ఏడాది పొడుగునా ఉంటాయి. పక్కనే తల్లిని పోగొట్టుకున్న గున్నల్ని పెంచి మళ్ళీ అడవిలో వదిలే కేంద్రం ఉంది, పొద్దున 9, మధ్యాహ్నం 12, 3, సాయంత్రం 6కి పాలు పడతారు, మనం దూరంగా గ్యాలరీలో కూర్చుని చూడాలి, ముట్టుకోనివ్వరు, అదే మంచిది. ఏనుగు మీద ఎక్కించి తిప్పుతాం, స్నానం చేయించండి అనే చోట్లకి మాత్రం వెళ్ళకండి. ఒక్కొక్కటీ పాలు తాగేసి ఇంకా కావాలని గోల చేస్తుంటే మా పిల్లలు చిరుతని మర్చిపోయారు.

ఉప్పుగాలి

యాల మీద అంత కోపమేంటి బ్రో, నాకు మొదటి గంటలోనే చిరుత కనపడింది 😎 అదృష్టం అనుకోండి. కానీ ఏడు రాత్రుల ట్రిప్‌లో అదృష్టం మీద ఒక రోజు పెట్టడం నేనూ చేయను, అదీ నిజమే.

నేను చెప్పేది తిమింగలం గురించి. మిరిస్సాలో నవంబర్ నుంచి ఏప్రిల్ సీజన్, మీ టైమింగ్ బాగుంది, నీలి తిమింగలాలు నిజంగానే వస్తాయి. అయితే పొద్దున ఆరున్నరకి పడవ ఎక్కితే మూడు నుంచి అయిదు గంటలు సముద్రం మీదే, బయటికి వెళ్ళాక ఊపు మామూలుగా ఉండదు. మేము ఫుల్‌గా టిఫిన్ చేసి ఎక్కాం (ఇంతకంటే తెలివితక్కువ పని లేదు), నేను మొదటి గంటలోనే కవర్ పట్టుకున్నా, మా పడవలో సగం మంది అదే పని. అదీ కాక మా పడవవాడు తిమింగలం మీదకి పోయినట్టు దగ్గరికి తోలాడు, చుట్టూ ఇంకో ఎనిమిది పడవలు, అది వీపు చూపించి తోక లేపి మునిగిపోయింది, పాపం అనిపించింది. దూరం పాటిస్తారా, చుట్టుముడతారా అని అడిగి, రివ్యూలు చదివి పడవ ఎంచుకోండి, పైసలు ఎక్కువైనా పర్లేదు. అత్తయ్యగారిని ఎక్కించకండి. మాత్ర ముందు రాత్రే ఒకటి, పొద్దున ఒకటి, డాక్టర్‌ని అడిగి బాబు డోస్ వేరేగా రాయించుకోండి.

సర్ఫింగ్ అయితే మిరిస్సాలో కాదు, పక్కనే వెలిగమ, అల మెల్లగా వస్తుంది, అడుగున ఇసుక, నేర్చుకునే పిల్లలు అందరూ అక్కడే ఉంటారు. తిమింగలం, సర్ఫింగ్ రెండూ ఒకే రోజు పెట్టకండి, బాబుకి ఏదో ఒకటే అని చెప్పండి.

లిస్టుల_రాణి

అందరికీ చాలా చాలా థ్యాంక్స్ అండి. రాత్రి భోజనాల దగ్గర కూర్చోబెట్టి తలా ఒక్కటే అని గీత రూల్ పెట్టా, పెద్ద గొడవే అయింది. ఫైనల్‌గా మావారు సిగిరియా, అత్తయ్యగారు సీతమ్మ గుడి (దంతం కనపడదనగానే ఆవిడే వదిలేశారు, అయినా క్యాండీలో ఎలాగూ పడుకుంటాం కదా, వెళ్తాం), బాబు తిమింగలం కంటే సర్ఫింగే అన్నాడు, వాంతుల కథ చదివి వినిపించాక. నేను ఒక రోజు మొత్తం బీచ్, నో అలారం, నో ప్లాన్.

ఇలా అనుకుంటున్నా: సిగిరియా 2 రాత్రులు, క్యాండీ 1 (దారిలో దంబుళ్ళ గుహలు), ఎల్లా 2, వెలిగమ 2. ఎల్లా నుంచి దిగేటప్పుడు పన్నెండుకల్లా ఉడవలవె చేరి గున్నల పాలు, తర్వాత మధ్యాహ్నం సఫారీ, రాత్రికి తీరం. ఆఖరి రోజు గాలె కోట చూసుకుని ఎక్స్‌ప్రెస్‌వే మీద ఎయిర్‌పోర్ట్. ఇది నడుస్తుందా?

బస్సు_కిటికీ

ఇప్పుడు మనుషుల ప్లాన్‌లా ఉంది. రెండు మార్పులు. దంబుళ్ళ గుహలకి మెట్లున్నాయి, టికెట్ కిందే తీసుకోవాలి, పైన చెప్పులు విప్పాలి, మధ్యాహ్నం ఎండలో ఆ బండ మీద అడుగు పెట్టలేరు, సాక్సులు పట్టుకెళ్ళండి. పొద్దున్నే పెట్టుకుంటే సుఖం, అయిదు గుహల్లో 150 దాకా బుద్ధ విగ్రహాలు, నాకు సిగిరియా కంటే అదే ఎక్కువ నచ్చింది. బుద్ధుడికి వీపు పెట్టి సెల్ఫీలు దిగకండి, భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి, ఇది అన్ని గుళ్ళకీ.

రెండోది, ఎల్లాలో మధ్య రోజు ఖాళీ వదిలేయండి. తొమ్మిది ఆర్చ్‌ల వంతెన పొద్దున్నే చూసేయొచ్చు, 1921 నాటిది, స్టీలు వాడకుండా ఇటుక, రాయి, సిమెంట్‌తో కట్టారు, రైలు టైమ్ కనుక్కుని వెళ్ళండి. లిటిల్ ఆడమ్స్ పీక్ అనే చిన్న కొండ గంటలోపు ఎక్కేయొచ్చు, మీవారికి ఆడమ్స్ పీక్ ఎక్కానని చెప్పుకోడానికి పనికొస్తుంది 😀

గరిటె_పట్టని_గీత

సఫారీ జీపులో అత్తయ్యగారి నడుము కింద దిండు పెట్టండి అక్కా, హోటల్ దిండు అడిగి తీసుకెళ్ళండి, ఇస్తారు. ఇంకోటి, మీ డేట్లలో పౌర్ణమి పడుతుందేమో చూసుకోండి, అక్కడ పోయ అంటారు, పబ్లిక్ హాలిడే, ఆ రోజు మందు అమ్మరు, గుళ్ళు కిటకిట. దంతం గుడి ఆ రోజు మాత్రం వద్దు.

లిస్టుల_రాణి

దిండు ఐడియా సూపర్ 🙏 హోటళ్ళు ఈరోజే బుక్ చేసేస్తా, ఆలస్యం చేస్తే మళ్ళీ లిస్టు పెరిగేలా ఉంది. మావారు పక్కన కూర్చుని దియలుమ జలపాతం వీడియో చూపిస్తున్నారు, 220 మీటర్లట, ఎల్లా నుంచి గంటేనట, పైన ఈతకొట్టే మడుగులున్నాయట.