కంట్రోల్ సీ రెండోసారి నొక్కితే ప్రోగ్రాం చచ్చిపోతా ఉంది

ప్రశ్న (తిరుపతి): అన్నా, సీ భాషలో సిగ్నల్()తో సిగ్ఇంట్ (కంట్రోల్ సీ నొక్కితే వచ్చే సిగ్నల్) పట్టుకున్నా. లైనక్స్‌లో ఎన్నిసార్లు నొక్కినా హ్యాండ్లరే (సిగ్నల్ వస్తే నడిచే నా ఫంక్షన్) నడుస్తా ఉంది, విండోస్‌లో రెండోసారికే ప్రోగ్రాం పోతా ఉంది. ఎందుకట్లా?

జవాబు (చిత్తూరు): విండోస్‌లో హ్యాండ్లర్‌ను పిలిచే ముందే ఆ సిగ్నల్ అమరిక డిఫాల్ట్‌కు, అంటే ప్రోగ్రాంను ఆపేసేదానికి, మారిపోతుంది. ఇది పాత సిస్టమ్ ఫైవ్ యునిక్స్ పద్ధతి. లైనక్స్‌లో వాడే సీ లైబ్రరీ గ్లిబ్‌సీ మామూలుగా బీఎస్‌డీ (ఇంకో రకం యునిక్స్) పద్ధతిలో హ్యాండ్లర్‌ను అట్లే ఉంచుతుంది. లైనక్స్, మ్యాక్‌లలో సిగ్‌యాక్షన్() వాడు, దానికిచ్చే స్ట్రక్ట్‌ను ముందు సున్నా చేసుకో. విండోస్‌లో అది లేదు. ఇఫ్‌డెఫ్ పెట్టి (విండోస్‌కు మాత్రం వేరే కోడ్ కంపైల్ అయ్యేట్లు) సెట్‌కన్సోల్‌కంట్రోల్‌హ్యాండ్లర్() వాడు. అది వేరే థ్రెడ్‌లో నడుస్తుంది, అక్కడ కంట్రోల్ సీ వచ్చిందని గుర్తుపెట్టే ఫ్లాగ్ అటామిక్‌గా (రెండు థ్రెడ్‌లు ఒకేసారి ముట్టినా చెడకుండా) ఉండాలి.

ఇంకో జవాబు: హ్యాండ్లర్‌లో ప్రింట్‌ఎఫ్ వద్దే వద్దు. మెయిన్ కూడా ప్రింట్‌ఎఫ్‌లోనే ఉంటే లాక్ దగ్గర ఇరుక్కుపోవచ్చు. వొలటైల్ సిగ్_అటామిక్_టీ ఫ్లాగ్‌ను 1 చేసి బయటికి రా.

ప్రశ్న: ఫ్లాగ్ పెట్టినా ఇన్‌పుట్ కోసం ఆగిన రీడ్() కదలడం లేదన్నా?

జవాబు (చిత్తూరు): సిగ్‌యాక్షన్()లో ఎస్ఏ_రీస్టార్ట్ (సిగ్నల్ తర్వాత రీడ్()ను మళ్లీ మొదలుపెట్టే ఆప్షన్) ఉంటే తీసెయ్. అప్పుడు రీడ్() -1 ఇస్తుంది, ఎర్నో (తప్పు కోడ్ ఉండే చోటు) ఈఇంటర్, అంటే సిగ్నల్ అడ్డొచ్చింది, అవుతుంది. అక్కడ ఫ్లాగ్ చూసుకో.