అప్‌డేట్: రాత్రికి రాత్రే గొర్రెలు చనిపోతున్నాయని అడిగాను కదా

కనిగిరి దగ్గర మా జోడిపి (నెల్లూరు గొర్రెల్లో ఒక రకం) మందలో, సాయంత్రం దాకా బాగా మేసినవి తెల్లారేసరికి చచ్చిపడి ఉంటున్నాయని అడిగాను. మీలో కొందరు అనుకున్నట్టే అది చిటుక రోగమే. డాక్టరు గారు చచ్చిన పిల్లను కోసి, పేగులు చూసి చెప్పారు. వానలకు మొలిచిన లేత గడ్డి ఒక్కసారిగా ఎక్కువ మేస్తే పేగుల్లోని బ్యాక్టీరియా పెరిగి విషం వదులుతుందట. బాగా బలిసినవే ముందు పోతాయి, అదీ కడుపుమంట. మా నాయన ముద్దుగా పెంచిన పొట్టేలు కూడా అలాగే పోయింది. ఆయన రెండు పూటలు అన్నం ముట్టలేదు.

మిగతావాటికి టీకా వేయించాం. మొదటిసారి కాబట్టి రెండు మూడు వారాలకు మళ్లీ వేయించాలి, ఆపైన ఏటా వానలకు ముందు. ఇప్పుడు ఎండు చొప్ప పెట్టాకే మేతకు తోలుతున్నాం. చావులు ఆగాయి, కొత్త పిల్లలు పుట్టాయి, కళ్ల చుట్టూ నల్లమచ్చలతో భలే ఉన్నాయి. బీమా సంగతి అడిగినవాళ్లకు: మా గొర్రెలకు చెవి ట్యాగులు లేవు, అందుకే బీమా డబ్బు రాలేదు.