‘హతసాక్షి’కి విగ్రహవాక్యం ఎలా చెప్పాలి?

ప్రశ్న: తొలినాటి క్రైస్తవుల్లో ఒకరైన స్తెఫను గురించి చదువుతుండగా ‘తొలి హతసాక్షి’ అన్న మాట కనబడింది. హత్యను కళ్లారా చూసినవాడు కాబోలు అనుకున్నాను. తీరా చూస్తే చంపబడినవాడు ఆయనే. మరి ఇందులో ‘సాక్షి’ ఎందుకు చేరిందో పెద్దలు వివరించగలరు.

జవాబు: మీరనుకున్న అర్థమే అయితే ‘హత్యాసాక్షి’ అని ఉండేది. ఇది హతుడైన సాక్షి, అంటే విశేషణ పూర్వపద కర్మధారయం. (బహువ్రీహిగా విడదీస్తే సాక్షిని పోగొట్టుకున్న వాది అవుతాడు!) ‘సాక్షి’ గ్రీకు ‘మార్తుస్’కు తెలుగు. తానెరిగినది నలుగురిలో చెప్పేవాడని దాని అసలు అర్థం. అందులో చావు ఊసే లేదు. బైబిలులోని అపొస్తలుల కార్యములు 7:58లో తమ వస్త్రాలు సౌలు అనే యువకుని పాదాలయొద్ద పెట్టి స్తెఫనును రాళ్లతో కొట్టినవారు ‘సాక్షులు’, ఎందుకంటే నేరం మోపిన సాక్షులే మొదట చెయ్యి వేయాలని ద్వితీయోపదేశకాండము 17:7 విధిస్తుంది. తరువాత 22:20లో ఆ సౌలే, క్రైస్తవుడై పౌలుగా మారి, ప్రభువుతో ‘నీ సాక్షియైన స్తెఫను’ అంటాడు. చంపినవారికీ చనిపోయినవాడికీ మూలంలో ఒకే పదం. తెలుగు బైబిలు కూడా రెండుచోట్లా ‘సాక్షి’ అనే ఉంచింది. అది మంచి పని అని నా అభిప్రాయం.

మరణార్థం గట్టిపడడం 2వ శతాబ్దిలో కనబడుతుంది. క్రీ.శ. 177లో గాల్ దేశపు (నేటి ఫ్రాన్స్) లియోన్‌లో చిత్రహింసలు పడి ఇంకా ప్రాణాలతో ఉన్న క్రైస్తవులు తమను ‘మార్తుస్’ అని పిలిస్తే ఒప్పుకోలేదనీ, ఆ పేరు క్రీస్తుకూ అప్పటికే ప్రాణాలు విడిచినవారికీ చెల్లుతుందనీ, తాము విశ్వాసాన్ని ఒప్పుకున్న అల్పులం మాత్రమేనని అన్నారనీ సంఘ చరిత్రకారుడు యూసేబియస్ భద్రపరచిన లేఖ చెబుతోంది. మన ‘హత’ అన్న పూర్వపదం చేసే పని సరిగ్గా వారు పట్టుబట్టిన ఆ తేడాను చెప్పడమే.

ప్రశ్న: అందరికీ తెలిసిన ‘అమరవీరుడు’ వాడితే సరిపోదా? కతోలికులు ‘వేదసాక్షి’ అంటారు కదా, అదెలా ఉంటుంది?

జవాబు: ‘అమరవీరుడు’ అనగానే పోరులో నేలకొరిగినవాడు మనసులో మెదులుతాడు. స్తెఫను మోకాళ్లూని, ‘ప్రభువా, వారిమీద ఈ పాపము మోపకుము’ అన్నవాడు. ఆయనకు ఆ మాట అతకదు. ‘వేదసాక్షి’ గ్రీకు మూలానికి దగ్గరగానే ఉంది, కాకపోతే ఆయన చనిపోయాడన్న సంగతి వినేవారికి ముందే తెలిసి ఉండాలి.