సమస్య: "తప్పిపోయినతఁడె తలుపు దీసె"

కాజీపేట జంక్షన్ (నిర్వాహకుడు): నిద్ర పాడుచేసుకుని ఒక సస్పెన్స్ నవల చదువుతున్నాను. చిన్న టౌను. ఎప్పుడో పాతికేళ్ల కింద వరసగా మనుషులు మాయమయ్యారు. పోలీసులు ఫైలు మూశారు, ఊరు నోరు మూసుకుంది. మూడొంతులు చదివినా ఒక్కరి ఆచూకీ లేదు. ఆ టెన్షన్‌లో ఈ పాదం తట్టింది. పూరించండి. కథ మాత్రం మన దిక్కుదే కావాలి.

గోరింక, గోవిందరావుపేట: మా దిక్కు తప్పిపోవడమంటే జాతరే కదా సార్.

మిన్ను నంటు సడిని మేడార జాతరన్
కొడుకు తప్పె ననుచుఁ గుమిలి యేడ్చి
తిరిగి యిల్లు చేర దీపము వెలుగంగ
తప్పిపోయినతఁడె తలుపు దీసె.

కాజీపేట జంక్షన్: బాగుంది. రెండేళ్లకోసారి ఆ మైకులో "ఫలానా బాబు తప్పిపోయాడు" అని వినని వాళ్లు మనలో ఎవరున్నారు? మూడో పాదంలో దీపం పెట్టావు చూడు, అక్కడ నాకు ఒళ్లు జలదరించింది.

హన్మకొండ చౌరస్తా: జలదరింపు సరే. తాళంచెవి ఎవరి దగ్గరుంది? తల్లీతండ్రీ ఇద్దరూ జాతరలో ఉంటే పిల్లాడు లోపలికెట్ల పోయాడు? సస్పెన్స్ అన్నాక ఇది అడగాలి.

గోరింక: అన్నా, పద్యానికి కూడా పంచనామా చేస్తారా?

హన్మకొండ చౌరస్తా: చేస్తా. ఇగ నాది చూడండి.

ఏడు వత్సరములు ఎదురుచూచిన యాలి
కోర్టు తీర్పు తెచ్చి గోడ కతని
పటము పెట్టి దండ వైచుచు నుండగా
తప్పిపోయినతఁడె తలుపు దీసె.

పాత సాక్ష్య చట్టంలో 108వ సెక్షన్. సహజంగా కబురు తెలియాల్సిన వాళ్లకు ఏడేళ్లపాటు తెలియకపోతే, బతికే ఉన్నాడని రుజువు చేసే భారం అలా అన్నవాడిదే. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టంలో అదే 111 అయింది. దుబాయ్ పోయి కబురు లేకుండా పోయినవాళ్ల ఇళ్లలో ఈ ఏడేళ్ల లెక్క బాగా తెలుసు.

పాలకుర్తి పంతులు: సెక్షన్ దొరికింది గాని సంధి దొరకలేదు. "వత్సరములు ఎదురు" అని విసంధిగా వదిలేస్తే ఎట్లా వకీలు సాబ్? ఉత్వసంధి నిత్యం. పాల్కురికి సోమన పుట్టిన ఊరి పక్కన కూర్చుని ఇది చూడలేను. "వత్సరముల నెదురుచూచిన" అనండి, యతికీ నష్టం లేదు. కల్పన మాత్రం ఒప్పుకుంటున్నాను. దండ వేస్తున్న చెయ్యి ఏమైందో చెప్పకుండా ఆపారు.

హన్మకొండ చౌరస్తా: సవరణ ఆమోదం. ఖర్చులు మీరే భరించాలి.

సిరిసిల్ల సాంచె: పంతులు గారు మెచ్చుకున్నారంటే వానలు పడతాయి. నాదీ వేసుకోండి. సాంచె అంటే మా దిక్కు మరమగ్గం.

వెదకి వెదకి తండ్రి భీవండి కేగఁగా
సాంచె లాడు నింట జాడ దొరికె;
పరుగుపరుగు వచ్చి పదియవ తరగతి
తప్పి పోయినతఁడె తలుపు దీసె.

కాజీపేట జంక్షన్: అబ్బ! పది తప్పి, ఊరొదిలి పోయినోడు! పాదాన్ని విరిచిన చోటు చూశారా? నేనిచ్చిన పాదం నాకే కొత్తగా కనబడింది.

గోరింక: మా వాడకట్టులో ఇట్లా రిజల్ట్ రోజు బస్సెక్కినోళ్లు ఉన్నారు సాంచె అన్నా. కొందరు సూరత్, కొందరు భీవండి. నవ్వొచ్చింది, తర్వాత నవ్వు రాలేదు.

పాలకుర్తి పంతులు: విరుపు బాగుంది. "పదియవ తరగతి" మాత్రం రిజిస్టరులోంచి చింపి అతికించినట్టుంది. ఈ సభ్యుడికి తూకం తక్కువని నేను ముందే అన్నాను.

సిరిసిల్ల సాంచె: తూకం గురించి మీరే చెప్పాలి. రామప్ప మీద సమస్య ఇచ్చినప్పుడు ఆ గుడిని ప్రతాపరుద్రుడితో కట్టించింది ఎవరండీ? శాసనంలో 1213, కట్టించింది రేచర్ల రుద్రుడు, రాజు గణపతిదేవుడు. యతి కోసం ఒక సేనాపతిని మాయం చేశారు. నిర్వాహకుడి నవలలో కూడా ఇంత పాత మిస్సింగ్ కేసు ఉండదు.

పాలకుర్తి పంతులు: ఆ పద్యం అప్పుడే వెనక్కి తీసుకున్నాను.

సిరిసిల్ల సాంచె: పద్యం తీసుకున్నారు, రుద్రుణ్ణి తిరిగి తేలేదు.

హన్మకొండ చౌరస్తా: ప్రతాపరుద్రుడిదీ అదే కథ కదా. 1323లో ఓరుగల్లు పడ్డాక ఢిల్లీకి తీసుకుపోతుంటే దారిలోనే పోయాడు. కోట తోరణాలు నిలబడే ఉన్నాయి, తలుపు తీయడానికే ఎవరూ రాలేదు.

గోరింక: మాయమవడమంటే మా సమ్మక్క తల్లిని విడిచిపెడతారా? గాయాలతో చిలకలగుట్ట మీదికి పోయి కనబడకుండా పోయిందని, వెతికినోళ్లకు కుంకుమ భరిణె దొరికిందని చెప్పుకుంటాం. ఈ రోజుకీ గుట్ట మీంచి ఆ కుంకుమ భరిణే గద్దెకు వస్తుంది. సస్పెన్స్ రాసేవాళ్లు శవమో ఎముకలో చూపించి ముగిస్తారు, మావాళ్లు భరిణె చూపించి మొదలుపెట్టారు.

కాజీపేట జంక్షన్: ఈ మాట పద్యంగా ఎందుకు రాలేదు గోరింకా? మైకు దాకా పోయి గుట్ట ఎక్కకుండా వచ్చావు.

హన్మకొండ చౌరస్తా: ఇంతకీ తాళంచెవి?

గోరింక: వదలరా! సరే, రెండు, మూడు పాదాలు మార్చిన.

కొడుకు తప్పె ననుచుఁ గుమిలి రాఁగ
ఇంట నవ్వ యుండ నిరుగువారినిఁ గూడి
తప్పిపోయినతఁడె తలుపు దీసె.

ఇరుగుపొరుగోళ్ల ట్రాక్టర్‌లో ముందే వచ్చిండు. అవ్వ ఇంట్లోనే ఉంది. ఇగ పంచనామా రాసుకోండి.

పాలకుర్తి పంతులు: తాళం దొరికింది, దీపం తప్పిపోయింది. మొదటిదే పద్యం నాయనా, ఇది వాంగ్మూలం.

సిరిసిల్ల సాంచె: మొదటిసారి పంతులు గారితో ఏకీభవిస్తున్నాను. ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసి పెట్టండి.

కాజీపేట జంక్షన్: దీపం ఉన్నదాన్నే ఉంచుతున్నాను. వకీలు సాబ్ సంధి సవరించి మళ్లీ వేయాలి. నవల చివర ఎవరు తలుపు తీశారో అడగొద్దు, ఇంకా అరవై పేజీలున్నాయి.