జంతువులపై పరీక్షించని ద్రావణాలతో బాత్రూమ్ బూజు పోతుందా?

ప్రశ్న:

నమస్కారం. మేము విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక అద్దె ఫ్లాటులో మూడేళ్లుగా ఉంటున్నాము. మా బాత్రూమ్‌కు ఉన్న ఒకే ఒక్క వెంటిలేటర్ పైపులు దిగే డక్టులోకి తెరుచుకుంటుంది కాబట్టి, వానాకాలం మొదలైనప్పటి నుంచి సంక్రాంతి దాటేవరకు గోడలు ఆరనే ఆరవు. టైల్స్ సందుల్లోనూ, షవర్ కింది మూలల్లోనూ, వాష్‌బేసిన్ చుట్టూ వేసిన సిలికాన్ మీదా మొదట నల్లటి చుక్కలు కనిపించాయి, ఇప్పుడవి చారలయ్యాయి. మా అత్తగారికి ఉబ్బసం ఉంది కనుక బ్లీచింగ్ వాసన పడదు. ఇంట్లో పిల్లి కూడా ఉంది. జంతువులపై పరీక్షించిన సరుకు కొనకూడదని నేను కొంతకాలంగా నియమం పెట్టుకున్నాను. మొన్న, జంతువులపై పరీక్షించలేదని తెలిపే కుందేలు బొమ్మ ఉన్న సీసా ఒకటి తెప్పించి రుద్దాను. అది చాలదనిపించి మర్నాడు వెనిగర్‌లో వంటసోడా కలిపి పోశాను. బాగా పొంగింది గానీ, 10 రోజులకే మరకలు తిరిగి వచ్చాయి. ఏమి వాడాలో, ఆ కుందేలు బొమ్మను ఎంతవరకు నమ్మాలో దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు:

ముందుగా ఒక మాట. మన తెలుగులో కప్పుకు వేలాడే సాలెగూళ్లనూ బూజు అంటాము, రొట్టె మీద పట్టే ఫంగస్‌నూ బూజు అంటాము. మా ఇంట్లో ఒకసారి పనిమనిషితో బాత్రూమ్‌లో బూజు పట్టిందని అంటే, ఆమె పొడుగు చీపురు తెచ్చి గోడలన్నీ పొడిగా దులిపేసింది. ఫంగస్ విషయంలో చేయకూడని పని సరిగ్గా అదే, ఎందుకంటే పొడిగా దులిపితే దాని బీజాలు గాలిలోకి లేచి, మీ అత్తగారి వంటి వారికి ఆయాసం తెప్పిస్తాయి. కాబట్టి ఆమెను ఆ పూట వేరే గదిలో ఉంచి, తలుపు మూసి, ఎన్95 మాస్కు, రబ్బరు తొడుగులు వేసుకొని, మరకలను ముందు తడిపిన తరువాతే బ్రష్ పట్టండి.

మీ పరిస్థితిలో నేను మొదట ఎంచుకునేది హైడ్రోజన్ పెరాక్సైడ్. మందుల దుకాణాల్లో పుండ్లు కడగడానికి అమ్మే సీసా మీద సాధారణంగా 6 శాతం లేదా 20 వాల్యూమ్స్ అని రాసి ఉంటుంది. దానికి సమానంగా నీరు కలిపితే 3 శాతం ద్రావణం వస్తుంది, మన పనికి అది చాలు. మరక మీద పూర్తిగా తడిసేలా చల్లి, కనీసం 10 నిమిషాలు వదిలేసి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, నీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడవండి. చచ్చిన బూజు కూడా ఎలర్జీ కలిగిస్తుంది కనుక చల్లి ఊరుకోకూడదు, రుద్ది తీసివేయాలి. వాడిన తరువాత ఈ ద్రావణం నీరుగానూ ఆక్సిజన్‌గానూ విడిపోతుంది, ఘాటు వాసన మిగలదు. వెలుతురు తగిలితే సీసాలోనే విడిపోయి సత్తువ కోల్పోతుంది, అందుకే ముదురు రంగు సీసాలో ఉంచి, నీరు మాత్రం ఎప్పటికప్పుడు కలుపుకోవాలి. రంగు తువ్వాళ్లు దగ్గరలో ఉంచకండి, మచ్చలు పడతాయి.

వెనిగర్ తక్కువైనదేమీ కాదు. నీరు కలపకుండా చల్లి ఒక గంట ఉంచితే కొన్ని రకాల బూజు మీద బాగానే పనిచేస్తుంది. అన్ని రకాల మీదా ఒకేలా పనిచేయదు. కుంకుడు పులుసు సబ్బు జిడ్డును చక్కగా వదిలిస్తుంది, ఆ జిడ్డే బూజుకు తిండి కాబట్టి వారానికోసారి దానితో కడగడం మంచిదే. అయితే కుంకుడుతో బూజు చస్తుందని మాత్రం నేను చెప్పను. బాగా కడగకపోతే ఆ పులుసే గోడకు అంటుకొని బూజుకు మరో పూట భోజనమవుతుంది.

ఇక కుందేలు సంగతి. మన దేశంలో 2014లో సౌందర్య సాధనాలను జంతువులపై పరీక్షించడాన్నీ, అలా పరీక్షించినవాటిని దిగుమతి చేసుకోవడాన్నీ నిషేధించారు. కానీ ఆ నిషేధం సబ్బులు, క్రీముల వంటివాటికే గానీ గోడలు, నేలలు కడిగే ద్రావణాలకు వర్తించదు. అందుచేత సీసా మీద ఎవరైనా ఒక కుందేలును గీసుకోవచ్చు. లీపింగ్ బన్నీ అనే ధ్రువీకరణ గుర్తు ఉన్నదైతే, దాన్ని ఇచ్చే సంస్థ ముడిసరుకు అమ్మేవారి వరకూ వివరాలు అడుగుతుంది, బయటివారి తనిఖీకి కంపెనీ ఒప్పుకోవాలని షరతు పెడుతుంది. జంతు హక్కుల సంస్థ పెటా ఇచ్చే గుర్తు ప్రధానంగా కంపెనీ రాసి ఇచ్చే హామీ మీద ఆధారపడుతుంది. పేరున్న గుర్తు ఉంటే, ఆ సంస్థ జాబితాలో ఆ కంపెనీ నిజంగా ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

పెరాక్సైడ్, వెనిగర్ వంటి పాత పదార్థాలను కూడా ఎప్పుడో ఎక్కడో జంతువులపై పరీక్షించే ఉంటారన్నది ఒప్పుకోవాలి. కానీ వాటిని విడిగా కొన్నప్పుడు కొత్త మిశ్రమం కోసం కొత్త పరీక్షలు చేయించే వ్యాపారానికి మన డబ్బు పోదు. నా మటుకు నేను ఆ తర్కంతోనే సరిపెట్టుకున్నాను.

క్రూయల్టీ ఫ్రీ, అంటే జంతువులపై పరీక్షించనిది, అన్నంత మాత్రాన అది మీ పిల్లికి క్షేమమని అర్థం కాదు. బూజుకు మంచిదని చెప్పే టీ ట్రీ నూనె పిల్లులకు విషం. క్రిములను చంపే బెంజాల్కోనియం క్లోరైడ్ ఉన్న ద్రావణం తడిగా ఉన్న నేల మీద నడిచి పాదాలు నాకినా పిల్లి నోరు పుండ్లు పడుతుంది. ఏది వాడినా నేల ఆరేవరకు తలుపు తెరవకండి.

రెండవ జవాబు:

నేను చాలాకాలం రసాయనశాస్త్రం బోధించినవాడిని కనుక ఒక్క విషయం కలుపుతాను, అమ్మా. వెనిగర్ ఆమ్లం, వంటసోడా క్షారం. రెండూ కలిసినప్పుడు పొంగేది కార్బన్ డయాక్సైడ్. పొంగు తగ్గాక మిగిలేది దాదాపు సోడియం ఎసిటేట్ కలిసిన నీరు మాత్రమే. చూడటానికి పని జరుగుతున్నట్టు ఉంటుంది గానీ, రెండింటి బలాన్నీ మీరే చంపేశారు. వంటసోడాతో రుద్దదలిస్తే విడిగా రుద్దండి. వెనిగర్‌ను పెరాక్సైడ్‌తో ఒకే సీసాలో ఎన్నడూ కలపకండి, పెరాసిటిక్ ఆమ్లం తయారై కళ్లను, ఊపిరితిత్తులను మండిస్తుంది. బ్లీచింగ్‌కు వెనిగర్ గానీ టాయిలెట్ కడిగే యాసిడ్ గానీ తగిలితే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. మూసిన బాత్రూమ్‌లో అది ప్రాణం మీదికి తెస్తుంది.

ప్రశ్న అడిగిన వారు:

ఇద్దరికీ ధన్యవాదాలు. మా బాత్రూమ్ గడపకు కడప రాయి వేశారు, దాని మీద కూడా వెనిగర్ వాడవచ్చునా? సిలికాన్ మీది నలుపు ఎంత రుద్దినా కదలడం లేదు, దానికేమి చేయాలి?

మొదటి జవాబు ఇచ్చిన వారు:

కడప రాయి మీద వెనిగర్ గానీ నిమ్మకాయ గానీ వద్దు. కడప, తాండూరు, షాబాదు రాళ్లన్నీ సున్నపురాతి జాతివి, పాలరాయి కూడా అటువంటిదే. ఆమ్లం తగిలితే మెరుపు పోయి తెల్లగా చారలు కడతాయి. టైల్స్ సందుల్లోని సిమెంటును సైతం వెనిగర్ మెల్లగా తినేస్తుంది కాబట్టి అక్కడ పదేపదే పోయకండి. గడప పక్కన పెరాక్సైడే వాడండి, ముందు కనిపించని మూలలో ఒక చుక్క వేసి చూసుకోండి.

సిలికాన్ లోపలికి దిగిన నలుపు ఏ ద్రావణానికీ అంత తేలికగా లొంగదు. పెరాక్సైడ్‌లో తడిపిన దూదిని రాత్రంతా దాని మీద ఒత్తి ఉంచి చూడండి. అప్పటికీ పోకపోతే బ్లేడుతో కోసి తీసివేసి, ఆ చోటు పూర్తిగా ఆరాక కొత్తది వేయించడమే మార్గం. ఇంటి యజమానిని అడిగే ముందు ఒక పరీక్ష చేయండి. మరక ఉన్న చోట గోడను తుడిచి ఆరబెట్టి, జానెడు ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో అతికించి, ఒక రోజు ఉంచండి. కాగితం పైన చెమ్మ ఉంటే అది గదిలోని ఆవిరి. కాగితానికీ గోడకూ మధ్య చెమ్మ ఉంటే పై అంతస్తు పైపో గోడో కారుతోందని అర్థం, అప్పుడు మేస్త్రిని పిలవాల్సిన బాధ్యత యజమానిది. బూజు 10 చదరపు అడుగులకు మించి పాకితే ఇంట్లో వారు చేతులు పెట్టకుండా నిపుణులను పిలవడం మంచిదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ సూచిస్తుంది. మీ చారలు అంత దూరం రాలేదనుకుంటాను.

గదిలోని ఆవిరే అయితే, స్నానమయ్యాక చివర వచ్చినవారు వైపర్‌తో గోడల నీళ్లు దించి, ఎగ్జాస్ట్ ఫ్యాను అరగంట తిరగనివ్వాలి. డక్టు వైపు ఫ్యాను బిగించడానికి వెంటిలేటర్‌లో ఒక అద్దం పలక తీస్తే సరిపోతుంది, గోడ పగలగొట్టనవసరం లేదు.

ప్రశ్న అడిగిన వారు:

ప్లాస్టిక్ కాగితం నిన్న అతికించాను. ఈ ఉదయం చూస్తే చెమ్మ కాగితం పైనే ఉంది, గోడ వైపు పొడిగా ఉంది. పెరాక్సైడ్‌తో సందులు రెండు విడతల్లో తెల్లబడ్డాయి. సిలికాన్ మాత్రం మీరన్నట్టే కదలలేదు. ఆదివారం దాన్ని కోయించి, ఫ్యాను కూడా బిగించుకుంటాము.