అనంతపురం నుంచి అమ్మానాన్న వస్తున్నారు: మోటార్ హోమ్‌లో గ్రాండ్ కాన్యన్, జయాన్, డెత్ వ్యాలీ

ధర్మవరం – ఫీనిక్స్:
అందరికీ నమస్కారం. మాది ధర్మవరం. ఫీనిక్స్‌కు వచ్చి నాలుగు నెలలైంది. మేలో అమ్మానాన్న వస్తున్నారు. జూన్ రెండో వారంలో ఎనిమిది రోజులు మోటార్ హోమ్ (పరుపులు, పొయ్యి, బాత్రూమ్ అన్నీ ఉన్న ఇంటిబండి) అద్దెకు తీసుకుని గ్రాండ్ కాన్యన్, పేజ్ ఊరు, జయాన్, డెత్ వ్యాలీ, వెగాస్ చూపించాలని ఉంది. మొత్తం ఆరుగురం, పిల్లలకు తొమ్మిదేళ్ళు, నాలుగేళ్ళు. నాన్నకు షుగర్, ఇన్సులిన్ వాడతారు. ఎండ మాకు కొత్త కాదు, బండే కొత్త. ఏ సైజు, ఏ దారి, వంట కుదురుతుందా, చెప్పండన్నా.

ప్రొద్దుటూరు – ఫీనిక్స్:
తమ్ముడూ, ముందు డెత్ వ్యాలీ తీసెయ్. "ఎండ మాకు కొత్త కాదు" అన్న ధీమానే మన సీమవాళ్ళను అక్కడ దెబ్బతీసేది. అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడితేనే కరువుసీమ అంటాం. అక్కడ పడేది అందులో పదోవంతు. జూన్‌లో పగలు సగటునే 43 డిగ్రీలు. గాలిలో తేమ ఉండదు కాబట్టి చెమట పట్టిన క్షణమే ఆరిపోతుంది, చొక్కా తడవదు. ఒంట్లో నీళ్ళు పోతున్న సంగతే తెలీదు. పెద్దోళ్ళు "దప్పిక లేదులే నాయనా" అంటే నమ్మొద్దు. మనిషికి రోజుకు ఒక గ్యాలన్, అంటే దాదాపు 4 లీటర్లు తాగే నీళ్ళు లెక్కేసుకో. పైగా అద్దె కంపెనీలు చాలావరకు ఎండాకాలం బండిని ఆ లోయలోకి పోనివ్వవు. ఒప్పందం మీరి పోయి బండి ఆగిపోతే లాక్కొచ్చే ఖర్చు నీదే. డిసెంబర్, జనవరిలో పో. అప్పుడు కూడా ఆర్టిస్ట్స్ డ్రైవ్, డాంటేస్ వ్యూ రోడ్లలో 25 అడుగులు దాటిన బండ్లను రానివ్వరు.

ఆరుగురికీ సీటు బెల్టులు కావాలి కాబట్టి 25 అడుగుల బండి చాలదు, 30 అడుగులదే తీసుకో. నాలుగేళ్ళ బిడ్డ కార్ సీటు ముందుకు చూసే డైనింగ్ సీటుకే కట్టాలి, పక్కకు చూసే సోఫాకు కట్టకూడదు. బుక్ చేసేముందే ఆ సీటు ఫోటో అడిగి తెప్పించుకో. డ్రైవర్ నెత్తిమీద ఉండే పరుపు పిల్లలకు, అదీ బండి ఆగినప్పుడే. వెనక పరుపు అమ్మానాన్నలకు ఇవ్వు, రాత్రి లేస్తే నిచ్చెన దిగే పని ఉండదు.

దారి ఇట్లా పెట్టుకో: ఫీనిక్స్ నుంచి గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్ (లోయ దక్షిణపు అంచు) 230 మైళ్ళు, అక్కడినుంచి కామెరాన్ మీదుగా పేజ్ సుమారు 135, తర్వాత జయాన్, వెగాస్, హూవర్ డ్యామ్, కింగ్‌మన్, ఇల్లు. అటూఇటూ తిరిగేదంతా కలిపి 1,100 మైళ్ళు. గ్యాలన్‌కు 8 నుంచి 10 మైళ్ళే ఇస్తుంది కాబట్టి 110 నుంచి 140 గ్యాలన్ల పెట్రోలు. సగం ట్యాంకు రాగానే నింపుకో.

పేజ్ నుంచి జయాన్‌కు మ్యాప్ చూపించే దగ్గరి దారి మౌంట్ కార్మెల్ సొరంగం గుండా పోతుంది. అది 1930లో, అప్పటి చిన్న కార్ల కోసం తవ్వింది. 11 అడుగుల 4 అంగుళాల ఎత్తు, 7 అడుగుల 10 అంగుళాల వెడల్పు దాటిందంటే పెద్దబండి కిందే లెక్క, నువ్వు తీసుకునేది రెండూ దాటుతుంది. దాని జోలికి పోకుండా కనాబ్ నుంచి ఫ్రెడోనియా, అరిజోనా 389, యూటా 59 రోడ్లు, హరికేన్ ఊరి మీదుగా స్ప్రింగ్‌డేల్ చేరు. గంట ఎక్కువైనా మనసు నిమ్మళంగా ఉంటుంది.

మొదటి రోజే ఐ-17 హైవే మీద ఎక్కుడు ఉంది. బ్లాక్ కాన్యన్ సిటీ దాటాక ఇంజన్ వేడి ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా తిప్పు. ఇంజన్ వేడి కొంత హీటర్ గుండా బయటికి పోతుంది. ఉడుకుతున్న రేడియేటర్ మూత మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు. దిగుడులో బ్రేకు తొక్కిపెట్టకుండా చిన్న గేరులో దిగు. టైర్లలో గాలి పొద్దున్నే, బండి కదలకముందు చూడు. డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద రాసినంత ఉండాలి. మధ్యాహ్నం వేడికి గాలి ఒత్తిడి పెరిగిందని కొంచెం గాలి తీసేస్తే, చల్లారాక తక్కువై, మరుసటిరోజు ఎండలో టైరు పగులుతుంది. వేగం గంటకు 65 మైళ్ళు దాటించొద్దు.

ప్రయాణం జులైకి జరిగితే ఇంకో మాట. అరిజోనాలో "వాష్" అంటే మన వంక. ఎండిపోయి ఇసుక మాత్రమే కనపడుతుంది. ఇరవై మైళ్ళ అవతల వాన పడితే ఇక్కడ పొర్లుతుంది. వంకలో బండి ఆపకూడదని మనకు చిన్నప్పటినుంచి తెలిసిందే, ఇక్కడా అంతే.

ఆదోని – లాస్ వెగాస్:
కరెంటు, నీళ్ళ సంగతి నేను చెప్తానండి. క్యాంప్‌గ్రౌండ్‌లో (రాత్రికి బండి నిలిపే చోటు) "ఫుల్ హుకప్" అంటే కరెంటు, నీళ్ళు, మురుగు మూడూ ఉన్న చోటు. సౌత్ రిమ్‌లో అది ట్రైలర్ విలేజ్‌లో ఉంది. పక్కనే ఉన్న మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో ఏదీ ఉండదు. జయాన్‌లోని వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండ్‌లో కొన్ని సైట్లకు కరెంటు మాత్రమే ఉంది. నెలల ముందే నిండిపోతాయి, ఇవాళే చూడండి.

బండికి వచ్చేది 30 ఆంపియర్లు, 120 వోల్టులు, అంటే 3,600 వాట్లు. పైకప్పు ఏసీ ఒక్కటే 12 నుంచి 15 ఆంపియర్లు తింటుంది. దాంతోపాటు మైక్రోవేవ్, ఇండక్షన్ స్టవ్ పెడితే బ్రేకర్ పడిపోతుంది. ఒకటి ఆపి ఒకటి వాడండి. ఏసీ బయటి వేడికన్నా 20 ఫారన్‌హీట్ డిగ్రీలు తగ్గిస్తే గొప్ప. కాబట్టి పొద్దున చల్లగా ఉన్నప్పుడే వేసి, పైకప్పు గాలి కిటికీలు మూసి, ముందు అద్దానికి వెండిరంగు అట్ట కట్టండి. మధ్యాహ్నం ఉడికిపోయాక వేస్తే రాత్రిదాకా చల్లబడదు. జనరేటర్ బండి ట్యాంకులోని పెట్రోలే తాగుతుంది, పావు ట్యాంకు రాగానే దానంతట అదే ఆగిపోతుంది. చెడిపోయిందనుకుని కంగారు పడకండి.

నీళ్ళ ట్యాంకు 40 గ్యాలన్లు అనుకుంటే 150 లీటర్లు. ఆరుగురు కుళాయి వదిలేసి స్నానం చేస్తే ఒక్క పూటకే సరి. ఒళ్ళు తడిపి, కుళాయి కట్టేసి, సబ్బు రుద్ది, మళ్ళీ విప్పడమే. క్యాంప్‌గ్రౌండ్ కుళాయికి గొట్టం తగిలించేటప్పుడు మధ్యలో ప్రెషర్ రెగ్యులేటర్ పెట్టండి, లేకపోతే లోపలి ప్లాస్టిక్ పైపులు ఊడి నేలంతా తడుస్తుంది.

ధర్మవరం – ఫీనిక్స్:
చాలా థ్యాంక్స్ అన్నా. అమ్మకు టిష్యూ అలవాటు లేదు, చెంబు వాడొచ్చా?

ఆదోని – లాస్ వెగాస్:
నిక్షేపంగా వాడొచ్చండి, నీళ్ళు పడితేనే మరుగుదొడ్డి ట్యాంకు బాగుంటుంది కూడా. నేలమీద మాత్రం ఒలకకూడదు, అక్కడ తూము లేదు. ట్యాంకు తొందరగా నిండుతుంది కాబట్టి రెండు రోజులకొకసారి ఖాళీ చేయండి. మరుగుదొడ్డి ట్యాంకు మూత ఎప్పుడూ మూసే ఉంచాలి. మురుగు గొట్టం తగిలించి ఉంది కదా అని తెరిచి వదిలేస్తే నీళ్ళన్నీ జారిపోయి గట్టిది అడుగున గుట్టగా ఎండిపోతుంది, దాన్ని కదిలించడం మహా కష్టం. ఖాళీ చేసేటప్పుడు చేతికి గ్లౌజులు వేసుకుని, ముందు మరుగుదొడ్డి ట్యాంకు, అది ఆగాక వంటిల్లు, స్నానం నీళ్ళ ట్యాంకు తెరవండి. ఆ సబ్బునీళ్ళే గొట్టాన్ని కడిగేస్తాయి. తర్వాత రెండూ మూసి, మరుగుదొడ్డి ట్యాంకులోకి రెండు గ్యాలన్ల నీళ్ళు, ట్యాంకు మందు వేయండి.

కడప – టెంపీ:
వంట నేను చెప్తా చెల్లీ, తమ్ముడూ, ఎవరు చేసినా సరే. తిరగవాత వేసేముందు బండి బయట గోడకు, పొయ్యికి సరిగ్గా వెనక, చిన్న రేకు మూత ఉంటుంది చూడండి. దాని కొక్కీలు విప్పాలి. అది మూసి ఉంటే లోపల ఫ్యాను ఎంత తిరిగినా ఎండుమిరపకాయ ఘాటంతా మన ముక్కులోకే, పొగ అలారం మోగుతుంది. సంగటి కుక్కర్లో హాయిగా అవుతుంది. రాగిపిండి, ఊరుబిండికి చెనిక్కాయల పొడి ఇంట్లోనే కొట్టుకుని తీసుకుపోండి. ఇండియా మిక్సీ 230 వోల్టులది, ఇక్కడి ప్లగ్గులో పనిచెయ్యదు. బొరుగులు రెండు ప్యాకెట్లు పెట్టుకుంటే ఎక్కడ ఆగినా పది నిమిషాల్లో ఉగ్గాని. గంజి, పప్పు, నూనె మాత్రం సింకులో పొయ్యొద్దు. ఆ వేడికి ట్యాంకులో పులిసి బండంతా వాసన. పళ్ళాలు ముందు కాగితంతో తుడిచి చెత్తలో వెయ్యండి. దోసెపిండి మూడోరోజుకే పులుస్తుంది, మొదటి రెండు పూటలకే పెట్టుకోండి.

గ్యాసుతో నడిచే ఫ్రిజ్ చల్లబడటానికి ఆరేడు గంటలు పడుతుంది. బండి ఒకపక్కకు ఒరిగి నిలబడితే సరిగా పనిచెయ్యదు. అందుకే నాన్నగారి ఇన్సులిన్ దానిమీద వదిలెయ్యొద్దు. చిన్న ఐస్ పెట్టెలో, మంచుగడ్డకు నేరుగా తగలకుండా గుడ్డలో చుట్టి పెట్టండి. సౌత్ రిమ్ 7,000 అడుగుల ఎత్తు, జూన్‌లో కూడా రాత్రికి స్వెట్టర్ కావాలి. గండికోట చూసినవాళ్ళే కదా, పెన్న చీల్చిన లోయకు ఇదెంత పెద్దదో వాళ్ళకే తెలుస్తుంది, పొద్దుగూకే వేళకు అంచు దగ్గర కూర్చోబెట్టండి.

నంద్యాల – మెసా:
డబ్బు సంగతి. మన కారు ఇన్సూరెన్సు, క్రెడిట్ కార్డు ఇచ్చే బీమా సాధారణంగా అద్దె మోటార్ హోమ్‌కు వర్తించవు. కంపెనీ ఇచ్చే పాలసీలో పైకప్పు దెబ్బ ఉందా అడగండి. పెట్రోలు బంకు రేకులకు, చెట్టుకొమ్మలకు తగిలేది అదే. బండి ఎత్తు కాగితం మీద రాసి స్టీరింగ్ పక్కన అంటించండి. అద్దె బోర్డు మీద చూపించే ధరలో మైళ్ళు, జనరేటర్ గంటలు ఉండవు, విడిగా పడతాయి.

2026 నుంచి గ్రాండ్ కాన్యన్, జయాన్‌తో సహా 11 పార్కుల్లో విదేశీ సందర్శకులకు, 16 ఏళ్ళు, ఆపైన ఉన్నవాళ్ళకు, తలకు 100 డాలర్లు అదనం. వాళ్ళ వార్షిక పాస్ 250, ఇక్కడ ఉండేవాళ్ళది 80. గేటు దగ్గర ఐడీ అడుగుతారు. మీ లైసెన్సు, పెద్దోళ్ళ పాస్‌పోర్టులు చేతికందేట్టు పెట్టండి.

చివరగా గడియారం. ఎండాకాలం యూటా, అరిజోనాకన్నా గంట ముందు. అరిజోనాలోని నవాహో తెగవాళ్ళ నేల కూడా అంతే. పేజ్ మాత్రం అరిజోనా టైమే. ఆ చుట్టుపక్కల ఫోను తనకు తానే అటూ ఇటూ మారుతుంది, పేజ్ పక్కనే ఉన్న ఆంటిలోప్ కాన్యన్ టూరు తప్పేది అందుకే. ఆ టూర్లు పేజ్ టైమే. ముందురోజు ఫోనులో ఆటోమేటిక్ టైమ్ ఆపేసి, ఫీనిక్స్ టైమ్ పెట్టుకోండి.