డల్లాస్ నుంచి కెనడాకు పొడులు, చీరలు పంపడం: డ్యూటీ, పేపర్లు తెలిసినోళ్ళు కొంచెం చెప్పండి

కర్నూలు లెక్కలు:

అందరికీ నమస్తే. నేను కర్నూల్లో ఉంటా, చిన్న వ్యాపారాలకు ఇన్వాయిస్‌లు, స్టాక్ లెక్కలు చూస్తుంటా. మా చిన్నాన్న కొడుకు, మరదలు డల్లాస్ పక్కన ఒక వ్యాపారం పెట్టుకున్నారు, దాని పేపర్ పని మొత్తం ఇక్కడ్నుంచి నేనే చేసిస్తా. మూడు రకాల సరుకు అమ్ముతారు. లైసెన్స్ ఉన్న కమర్షియల్ కిచెన్ అద్దెకు తీసుకుని అందులో చెనక్కాయల పొడి, నువ్వుల పొడి, కందిపొడి చేస్తారు. ధర్మవరం నుంచి పట్టుచీరలు తెప్పిచ్చుకుని అమ్ముతారు. ఇంకా ఇండియా కాటన్ బట్టతో అక్కడే చిన్నపిల్లల గౌన్లు కుట్టిస్తారు.

ఇంతవరకు అంతా అమెరికా లోపలే కాబట్టి ఏ గొడవా లేదు. మొన్న టొరంటోలో ఒకామెకు రెండు పట్టుచీరలు ఒక పెద్ద కొరియర్ కంపెనీలో పంపినారు. ఆమె ఇంటి గుమ్మం దగ్గరికి పోయినాక డ్యూటీ, ట్యాక్స్, దాని మీద ఏదో బ్రోకరేజ్ ఫీజు అంట, అన్నీ కలిపి కట్టమన్నారు, ఆమె నాకు ముందే ఎందుకు చెప్పలేదని కోప్పడి పార్సిల్ తీసుకోలేదు. అది వెనక్కి డల్లాస్ వచ్చేసరికి మళ్ళా అమెరికా డ్యూటీ కట్టమని ఇంకో బిల్లు. చీర అమ్మింది లేదు, రెండు దేశాల బిల్లులు మాత్రం వచ్చినాయి, మా మరదలు ఆ రోజంతా అన్నం కూడా సరిగా తినలేదు.

అమెరికా, కెనడా మధ్య ఫ్రీ ట్రేడ్ అగ్రిమెంట్ ఉంది కదా, మరి డ్యూటీ ఎందుకు పడింది? ఇంకో సంగతి, బ్రాంప్టన్‌లో ఒక ఇండియన్ షాపాయన పొడులు ఒక ప్యాలెట్ కావాలంటున్నాడు. మెక్సికోలో మాంటెర్రే నుంచి కూడా ఒకరు అడిగినారు. వీటికి ఏం పేపర్లు కావాల, యాడ మొదలు పెట్టాల? ఎవరైనా చేసినవాళ్ళుంటే చెప్పండి, పుణ్యం ఉంటుంది.

ఆదోని కుర్రోడు:

అన్నా ఇంత టెన్షన్ ఎందుకు, గిఫ్ట్ అని రాసి వాల్యూ 20 డాలర్లు వేసి పంపిచ్చేయమనండి, మా ఫ్రెండ్స్ అందరూ అట్లే పంపిస్తారు, ఎవరూ అడగరు.

బ్రాంప్టన్ ప్రొద్దుటూరు:

తమ్ముడూ దయచేసి అట్లాంటి సలహా ఇవ్వొద్దు. నేను ప్రొద్దుటూరు ఆడపిల్లను, బ్రాంప్టన్‌లో కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులో పని చేస్తున్నా, ఇట్లా గిఫ్ట్ అని రాసి ఇరుక్కున్న చిన్న వ్యాపారాల ఫైళ్ళు చూస్తూనే ఉన్నా. కెనడాలో గిఫ్ట్ మినహాయింపు 60 కెనడా డాలర్లకే, అది కూడా మనిషి మనిషికి సొంతంగా పంపుకునేదానికే, వ్యాపారం చేసే కంపెనీ నుంచి కొన్నదానికి కాదు. వాల్యూ తక్కువ రాసి దొరికితే పెనాల్టీ పడతాది, ఆ పేరు సిస్టంలో ఒకసారి ఎక్కితే తర్వాత నిజాయితీగా పంపినా పార్సిల్ విప్పి చూస్తారు. ఇన్సూరెన్స్ కూడా రాసిన 20 డాలర్లకే వస్తాది, పోయింది పట్టుచీర అయినా సరే.

కర్నూలన్నా, మీ అసలు ప్రశ్నకు వస్తా. అగ్రిమెంట్ ఉంది, నిజమే. 1994 నాటి నాఫ్టా పోయి 2020 జూలై 1 నుంచి కొత్తది నడుస్తోంది, అమెరికావాళ్ళు యూఎస్‌ఎంసీఏ అంటారు, ఇక్కడ కుస్మా అంటాం, మెక్సికోలో టీ-మెక్. కానీ ఆ రాయితీ సరుకు యాడ తయారైంది అనేదాన్ని బట్టి ఇస్తారు, యాడ్నుంచి బయల్దేరింది అనేదాన్ని బట్టి కాదు. మీ చీర ధర్మవరం మగ్గం మీద నేసింది, అది డల్లాస్‌లో ఎన్నాళ్ళు బీరువాలో ఉన్నా ఇండియా సరుకే. ఇండియాకు కెనడా ఇచ్చే తక్కువ డ్యూటీ సౌకర్యం కూడా 2015 జనవరి నుంచి తీసేసినారు, కాబట్టి మామూలు రేటే పడతాది. దాని మీద ఒంటారియోలో అయితే అమ్మకం పన్ను, 13 శాతం హెచ్‌ఎస్‌టీ.

ఇక్కడ ఇంకోటి గట్టిగా చెప్పాల. ఇన్వాయిస్‌లో ఏం రాసినారో చూసుకోండి. చాలామంది చీరను లేడీస్ డ్రెస్ అని రాసేస్తారు, అప్పుడు కొరియర్‌వాళ్ళు దాన్ని కుట్టిన బట్టల కింద వేసేస్తారు, ఇక్కడ కుట్టిన బట్టలకు 18 శాతం దాకా డ్యూటీ ఉంది. మన ఇండియా టారిఫ్‌లో పట్టుచీర 5007 హెడ్డింగ్‌లో, పట్టుబట్టల కింద ఉంటాది. ఇక్కడ దాన్ని ఏ కోడ్ కింద తీసుకుంటారో కెనడా కస్టమ్స్, అదే సీబీఎస్‌ఏని ముందే రాతపూర్వకంగా అడగొచ్చు, అడ్వాన్స్ రూలింగ్ అంటారు. ఇన్వాయిస్ మీద అయితే పట్టు శాతం ఎంత, కుట్టని చీర, పొడవెంత, చేతిమగ్గమా పవర్ లూమా, తయారైన దేశం ఇండియా, ఇవన్నీ నిండుగా రాయమనండి. రెండు లైన్లు ఎక్కువ రాస్తే పోయేదేం లేదు.

చిన్న పార్సిళ్ళకు ఒక వెసులుబాటు ఉంది. అమెరికా, మెక్సికో నుంచి కొరియర్‌లో వస్తే 40 కెనడా డాలర్ల వరకు ఏమీ లేదు, 40 దాటి 150 వరకు ట్యాక్స్ మాత్రమే, డ్యూటీ లేదు. పోస్టులో వస్తే ఆ లిమిట్ 20 డాలర్లే. పట్టుచీర ఎట్లాగూ ఆ 150 దాటుతాది కానీ పొడుల ప్యాకెట్లు విడిగా ఇళ్ళకు పంపేటప్పుడు పనికొస్తాది. ఇంకా, రేటు చెప్పేటప్పుడే డ్యూటీ ఎవరు కట్టేదో తేల్చుకోండి. డీడీపీ అంటే పంపేవాళ్ళు కడతారు, డీఏపీ అంటే తీసుకునేవాళ్ళు. టొరంటో అక్క తప్పేం లేదు, ఆమెకు చీర రేటు చెప్పినారు, గుమ్మం దగ్గర బిల్లు సంగతి చెప్పలేదు.

వెనక్కి వచ్చిన పార్సిల్ గురించి: అమెరికాలో 800 డాలర్ల లోపు పార్సిళ్ళకు ఉన్న మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి ఆపేసినారు, అందుకే చిన్న పార్సిల్‌కు కూడా కస్టమ్స్ ఎంట్రీ పడుతోంది. కానీ అమెరికా నుంచి బయటికి పోయి 3 ఏళ్ళ లోపు ఏ మార్పూ లేకుండా తిరిగి వచ్చిన సరుకును అమెరికా టారిఫ్‌లో 9801 అనే కోడ్ కింద డ్యూటీ లేకుండా తీసుకోవచ్చు. మొదట ఎగుమతి అయిన కాగితం, కొరియర్ ట్రాకింగ్, పాత ఇన్వాయిస్ చూపియ్యాల. మీవి దాచిపెట్టి ఉంటే ఆ బిల్లు మీద ఇప్పుడైనా కొరియర్ బ్రోకర్‌తో మాట్లాడండి, ఊరికే వదిలెయ్యద్దు.

అనంత చెనక్కాయ:

అక్క చెప్పింది వంద శాతం కరెక్టు. నాది అనంతపురం, మాది చెనక్కాయల వ్యాపారం, మిల్లు ఉంది, కాబట్టి పొడుల సంగతి నేను చెప్తా.

మొదట కాయలు యాడివో చూడండి. టెక్సాస్‌లో కూడా చెనక్కాయలు బాగా పండిస్తారు, అక్కడి కాయతోనే పొడి చేస్తే ఇది అమెరికా సరుకే అని చూపించడం సులువు. ఇండియా నుంచి పప్పు తెప్పిచ్చి అక్కడ వేయించి కొడితే కథ వేరే, ఊరికే వేయించినంత మాత్రాన అన్నిటికీ ఒరిజిన్ మారిపోదు, ఆ కోడ్‌కు రూల్ ఏముందో చూసుకున్నాకే సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాల.

రెండోది అఫ్లటాక్సిన్, బూజు వల్ల పుట్టే విషం. మన దగ్గర వాన తడిసిన కాయ, సరిగా ఎండని కాయ గోనెలో పడితే ఆ బూజు పడతాది, పైకి కనపడదు, వాసనా రాదు. అమెరికాలో 20 పీపీబీ (వంద కోట్ల వంతుల్లో 20) దాకా ఒప్పుకుంటారు, కెనడాలో లిమిట్ 15. అంటే డల్లాస్‌లో పాసైన బ్యాచ్ బ్రాంప్టన్‌లో ఫెయిల్ కావచ్చు. పప్పు కొనేటప్పుడే సప్లయర్ దగ్గర ల్యాబ్ రిపోర్ట్ తీసుకోండి, బ్యాచ్ నంబర్ ప్యాకెట్ మీద వేయండి, రేపు ఏదన్నా తేడా వస్తే ఆ బ్యాచ్ ఒక్కటే వెనక్కి తీసుకోవచ్చు, మొత్తం సరుకు తగలబెట్టుకునే పని ఉండదు. పిల్లలు తినే పొడి అన్నా అది, లాభం తర్వాత.

బ్రాంప్టన్ ప్రొద్దుటూరు:

అనంతపురం అన్న చెప్పింది ప్రింట్ తీసి కిచెన్‌లో అంటించుకోండి. లేబుల్ సంగతి నేను పూర్తి చేస్తా, ఎందుకంటే తిండి సరుకు ఆగేది ఎక్కువగా లేబుల్ దగ్గరే.

అమెరికా న్యూట్రిషన్ ఫ్యాక్ట్స్ డబ్బా ఇక్కడ చెల్లదు, కెనడా ఫార్మాట్ వేరే, అది ఇంగ్లీషు ఫ్రెంచి రెండింట్లో ఉండాల, తూకం గ్రాముల్లో ఉండాల. ఇంక ముఖ్యంగా ఆవాలు. అమెరికాలో అలర్జీ లిస్టులో 9 ఉన్నాయి, నువ్వులు 2023 జనవరి నుంచి చేర్చినారు, ఆవాలు అందులో లేవు. కెనడా లిస్టులో ఆవాలు ఉన్నాయి! మన పొడుల్లో పోపు వేస్తాం, పచ్చడి అంటే ఆవపిండి లేకుండా ఉండదు, మనోళ్ళు దాన్ని మసాలాలు అని ఒక్క మాటలో రాసేస్తారు, అట్లా కుదరదు, ఆవాలు అని విడిగా రాయాల. ఇంగువ డబ్బా కూడా తిప్పి చదవండి, చాలా బ్రాండ్లలో గోధుమపిండి కలిపి ఉంటాది, అప్పుడు గోధుమ కూడా రాయాల. పచ్చళ్ళు కూడా పంపే ఆలోచన ఉంటే, ఉప్పు మోతాదు దాటిన ప్యాకెట్ల ముందువైపు ఒక గుర్తు వేయాలనే రూల్ 2026 జనవరి 1 నుంచి వచ్చింది.

తిండి సరుకు దిగుమతి చేసుకునేవాళ్ళకు సేఫ్ ఫుడ్ ఫర్ కెనెడియన్స్ లైసెన్స్ ఉండాల, 2019 జనవరి 15 నుంచి దశలవారీగా వచ్చిన రూల్ ఇది, లైసెన్స్ 2 ఏళ్ళకు ఇస్తారు. కాబట్టి షాపాయనను అడగాల్సిన మొదటి ప్రశ్న, దిగుమతిదారు నువ్వా మేమా అని. ఆయనైతే ఆ లైసెన్స్ ఉందా, కెనడా కస్టమ్స్ వాళ్ళ కార్మ్ పోర్టల్‌లో రిజిస్టర్ అయినాడా అడగండి, 2024 అక్టోబరు 21 నుంచి కమర్షియల్ దిగుమతులన్నీ ఆ పోర్టల్ మీదే. మీ తమ్ముడే ఇక్కడ దిగుమతిదారుగా ఉండాలంటే నాన్ రెసిడెంట్ ఇంపోర్టర్‌గా కెనడా బిజినెస్ నంబర్ తీసుకోవచ్చు, కానీ ఒక్క ప్యాలెట్‌కు ఆ భారం వద్దంటాను, ఆర్డర్లు నెలనెలా వస్తుంటే అప్పుడు చూడండి.

ఒరిజిన్ సర్టిఫికెట్‌కు భయపడాల్సిన పని లేదు. పాత నాఫ్టాలో మాదిరి ప్రత్యేకమైన ఫారం లేదు, 9 వివరాలు ఉంటే చాలు, ఇన్వాయిస్ మీదే రాయొచ్చు, ఒకే సరుకు మళ్ళీ మళ్ళీ పంపేటట్లయితే 12 నెలలకు కలిపి ఒకటే ఇవ్వొచ్చు. 3,300 కెనడా డాలర్ల లోపు సరుకుకు ఆ పూర్తి సర్టిఫికెట్ కూడా అడగరు. ప్యాలెట్ వచ్చేటప్పుడు ట్రక్కువాళ్ళు పార్స్ స్టిక్కర్ నంబర్ ఇస్తారు, ఆ నంబర్‌తో బ్రోకర్ ముందే కస్టమ్స్‌కు పేపర్లు పంపిస్తాడు, ట్రక్కు డెట్రాయిట్ వంతెన దాటేలోపు పని అయిపోవాల. శుక్రవారం సాయంత్రం ఇన్వాయిస్ పంపి సోమవారం ఫోన్ ఎత్తకుండా ఉండేవాళ్ళ సరుకే ఎక్కువ ఆగుతాది.

కర్నూలు లెక్కలు:

అక్కా, అన్నా, మీ ఇద్దరికీ చేతులెత్తి దండం. రాత్రి ఇదంతా తమ్ముడికి ఫోన్లో చదివి వినిపించినా. ఇంగువ డబ్బా తెచ్చి చూసినారు, గోధుమపిండి ఉంది! టెక్సాస్ కాయల సప్లయర్‌ని ల్యాబ్ రిపోర్ట్ అడిగినారు. ఇంక మిగిలినవి, చీరలు మళ్ళా డల్లాస్ మీదుగానే పంపాలా? గౌన్లు అక్కడే కుడుతున్నాం కాబట్టి అవి అమెరికా సరుకు అవుతాయా? మెక్సికో సంగతేంది?

బ్రాంప్టన్ ప్రొద్దుటూరు:

గౌన్లు మామూలు రూల్ ప్రకారం కావన్నా. కాటన్ బట్టలకు నూలు దగ్గర్నుంచే ఈ మూడు దేశాల్లో తయారు కావాల, కుట్టు ఒక్కటి అక్కడ జరిగితే సరిపోదు. అమెరికాలో నేసిన బట్ట దొరికితే దానితో ఒక డిజైన్ కుట్టించి చూడండి, రేటు లెక్క వేసుకోండి.

చీరలకైతే కెనడా ఆర్డర్లు నేరుగా ఇండియా నుంచే పంపడం మేలు, లేకపోతే అమెరికాలో ఒకసారి, ఇక్కడ ఒకసారి, రెండుసార్లు డ్యూటీ. ఇప్పటికే అమెరికాలో డ్యూటీ కట్టిన స్టాక్‌ను కెనడాకు పంపితే డ్రాబ్యాక్ కింద 99 శాతం వరకు తిరిగి అడగొచ్చు, 5 ఏళ్ళ గడువు ఉంది, కానీ నాలుగు చీరలకు ఆ పని చేయించే ఖర్చు దాన్ని మించిపోతాది.

అనంత చెనక్కాయ:

నేరుగా పంపడానికి మీరే ఉన్నారు కదన్నా కర్నూల్లో! 500 రూపాయలు కట్టి విదేశీ వ్యాపారం చూసే కేంద్ర ఆఫీసు డీజీఎఫ్‌టీ సైట్‌లో ఐఈసీ, అంటే ఎగుమతి దిగుమతుల కోడ్, తీసుకోండి, పోస్టాఫీసువాళ్ళ డాక్ నిర్యాత్ కేంద్రంలో పోస్టల్ బిల్ ఆఫ్ ఎక్స్‌పోర్ట్ ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు. ధర్మవరం నేతగాళ్ళ దగ్గర మీరే చూసి తీసుకుంటే సరుకు మీదా నమ్మకం ఉంటాది, వాళ్ళకూ నాలుగు రూపాయలు ఎక్కువ ఇవ్వొచ్చు.

మెక్సికో మాత్రం ఇప్పుడే వద్దు. అక్కడ కొనేవాళ్ళకు ఇంపోర్టర్ రిజిస్ట్రేషన్ ఉండాల, వాళ్ళ లైసెన్స్ బ్రోకరే పేపర్లు వేయాల, లేబుల్ స్పానిష్‌లో ఉండాల. సరిహద్దులో లారెడో దగ్గర అమెరికా ట్రక్కు ఆగుతాది, వంతెన దాటించడానికి ఇంకో ట్రక్కు, అవతల ఇంకోటి. కెనడాకు అయితే అమెరికావైపు ఎగుమతి డిక్లరేషన్ మామూలు సరుకుకు అక్కర్లేదు, మెక్సికోకు మాత్రం ఒక కోడ్ కింద 2,500 డాలర్లు దాటితే ఆ డిక్లరేషన్ అమెరికా వాళ్ళ ఆన్‌లైన్ సిస్టం ఏఈఎస్‌లో వేయాల. ఇదంతా ఒక్కరే మోయలేరు. మీ తమ్ముడిని ముందు డల్లాస్‌లో ఎస్‌బీడీసీ ఆఫీసుకు పోయి కూర్చోమనండి, చిన్న వ్యాపారాలకు సలహా ఫ్రీగా ఇస్తారు, ఎగుమతి గురించి అయితే యూఎస్ కమర్షియల్ సర్వీస్‌వాళ్ళకు కలుపుతారు. పోయేటప్పుడు ఒక పొడి ప్యాకెట్, దాని లేబుల్, షాపాయన పంపిన ఆర్డర్ కాగితం చేతిలో పెట్టుకుని పోవాల, ఊరికే పోతే పాంప్లెట్ ఇచ్చి పంపిస్తారు.